ఆగ్నేయ శిలల కాలనిర్ణయం – ఖండోపాంత చరిత్ర: ప్రకాశం క్షారశిలలపై పద్ధతి విమర్శ

పరిశోధన వ్యాససంగ్రహం:

భూమి లోపలి శిలాద్రవం చల్లబడి ఏర్పడిన ప్రాచీన శిలల వయసును లెక్కించి, దాని ఆధారంగా ఒక ఖండపు అంచు ఎప్పుడు చీలిందో, ఎప్పుడు మరో ఖండంతో కలిసిందో చెప్పడం నేటి భూవిజ్ఞాన పరిశోధనలో ప్రధాన మార్గం. ఆంధ్రప్రదేశ్‌లోని ప్రకాశం, నెల్లూరు ప్రాంతాల శిలలు ఈ అధ్యయనాలకు ముఖ్యమైన క్షేత్రం. ఈ అధ్యయనాలలో వయసు అనే అంకె నుంచి చరిత్ర అనే కథనానికి చేరే తర్కం ఎంత దృఢమైనదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒకే వయసు రెండు భిన్న కథనాలకు ఆధారమైన సందర్భాన్నీ, ఒకే శిలకు రెండు వయసులు వచ్చిన సందర్భాన్నీ ఉదాహరణలుగా తీసుకుంటుంది. తెలుగు సాహిత్యచరిత్రలోని కవికాల నిర్ణయ పద్ధతితో దీనికి ఉన్న సామ్య భేదాలను చర్చిస్తుంది.

కీలకపదాలు: ఆగ్నేయ శిలలు, కాలనిర్ణయం, జిర్కాన్, ప్రకాశం క్షారశిలా మండలం, తూర్పు కనుమలు, ఖండోపాంతం, పద్ధతి విమర్శ.

1. ప్రవేశిక:

ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి ప్రపంచమంతటా ‘బ్లాక్ గెలాక్సీ గ్రానైట్’ అనే పేరుతో అమ్ముడవుతుంది. నల్లని నేలలో బంగారు చుక్కలు మెరిసే ఆ రాయి నిజానికి గ్రానైట్ కాదు. శాస్త్ర పరిభాషలో అది గాబ్రో కుటుంబానికి చెందిన శిల. గ్రానైట్‌లో సిలికా ఎక్కువ, గాబ్రోలో తక్కువ. మెరిసే చుక్కలు పైరాక్సీన్ జాతి ఖనిజం వల్ల కలిగినవి. వ్యాపారంలో మెరుగుపెట్టగలిగిన గట్టి రాయి ఏదైనా గ్రానైటే కనుక ఈ పేరు నిలిచిపోయింది. ఆ రాతిని తొలిచేవారికి, కోసేవారికి, ఇంట్లో పరుచుకునేవారికి దాని చరిత్ర గురించి తెలుగులో చెప్పినవారు అరుదు. చీమకుర్తి, ఎర్రకొండ, ఉప్పలపాడు, ఏల్చూరు, పురిమెట్ల, సెట్టుపల్లె అనే ఊళ్ల పేర్లు మాత్రం అంతర్జాతీయ పరిశోధన పత్రికలలో దశాబ్దాలుగా కనిపిస్తున్నాయి.

ఆ పరిశోధనలు చెప్పే విషయం సామాన్యమైనది కాదు. నేటి ప్రకాశం, నెల్లూరు ప్రాంతం ఒకప్పుడు ఒక ఖండపు అంచు అనీ, దాని పక్కన సముద్రం తెరుచుకొని మూసుకుపోయిందనీ, పర్వతాలు లేచి అరిగిపోయాయనీ అవి ప్రతిపాదిస్తున్నాయి. ఇంత పెద్ద కథనానికి ప్రధాన సాక్షి ఇసుక రేణువంత స్ఫటికం. ఆ సాక్షి నిజంగా ఏమి చెబుతోంది, దానిని చదివినవారు ఏమి చేరుస్తున్నారు అనే విచక్షణ విమర్శకు సంబంధించిన విషయం. పాఠం, పాఠకుడు, వ్యాఖ్యానం అనే మూడింటి సంబంధం ఇక్కడా ఉంది.

2. కాలనిర్ణయం – దేని కాలం?

శిలల వయసు తెలుసుకోవడానికి రేడియోధార్మిక మూలకాల క్షయాన్ని ఉపయోగించవచ్చని 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో గుర్తించారు. ఆర్థర్ హోమ్స్ 1911లో యురేనియం – సీసం నిష్పత్తితో శిలల వయసులను ప్రకటించాడు. ద్వీపకల్ప భారతదేశపు ప్రాచీన శిలల కాలక్రమంపై ఆయన 1955లో ఒక ప్రత్యేక వ్యాసం రాశాడు. యురేనియం 238 అర్ధజీవితకాలం సుమారు 446.8 కోట్ల సంవత్సరాలు, యురేనియం 235 అర్ధజీవితకాలం సుమారు 70.4 కోట్ల సంవత్సరాలు. ఈ రెండూ వేర్వేరు సీసపు ఐసోటోపులుగా మారతాయి. కాబట్టి ఒకే స్ఫటికంలో రెండు గడియారాలు పక్కపక్కనే నడుస్తుంటాయి. రెండూ ఒకే కాలాన్ని చూపితే ఆ వయసుపై విశ్వాసం పెరుగుతుంది. చూపకపోతే, మధ్యలో ఏదో ఒక వేడి లేదా ద్రవం ఆ స్ఫటికాన్ని కదిలించి సీసాన్ని బయటికి పంపిందని అర్థం చేసుకోవాలి. ఈ పరీక్షకు వెదరిల్ 1956లో రేఖాచిత్ర రూపం ఇచ్చాడు.

ఈ పనికి జిర్కాన్ అనే ఖనిజం మిక్కిలి అనుకూలమైనది. స్ఫటికీకరణ సమయంలో అది యురేనియాన్ని తనలోకి తీసుకుంటుంది, సీసాన్ని దాదాపుగా తీసుకోదు. అందువల్ల నేడు అందులో కనిపించే సీసంలో అత్యధిక భాగం యురేనియం క్షయంవల్ల పుట్టినదే. చాలా ఎక్కువ వేడిని తట్టుకొని నిలబడే గుణం కూడా దీనికి ఉంది.

అయితే ఈ నిలకడే ఒక చిక్కును తెస్తుంది. శిలాద్రవం పైకి వస్తూ దారిలోని పాత శిలల నుంచి జిర్కాన్ రేణువులను మోసుకురావచ్చు. అప్పుడు ఆ రేణువు వయసు కొత్త శిల వయసు కాదు. తరువాతి కాలంలో శిల మళ్లీ వేడెక్కితే పాత రేణువు చుట్టూ కొత్త జిర్కాన్ పొర పెరగవచ్చు. అప్పుడు మధ్యభాగం ఒక కాలాన్ని, అంచు మరొక కాలాన్ని చెబుతాయి. ఒక రేణువులోని భాగాలను విడివిడిగా కొలిచే పరికరాలు 1980ల నుంచి అందుబాటులోకి రావడంతో ఈ తేడాను పట్టుకోవడం సాధ్యమైంది. అంతకుముందు శిలనంతటినీ పొడిచేసి కొలిచిన వయసులలో అనేక సంఘటనల కాలాలు కలిసిపోయే అవకాశం ఉండేది.

కడప జిల్లా కలమళ్ల శాసనాన్ని ఎరిగినవారికి ఈ భేదం సులభంగా బోధపడుతుంది. శాసనం చెక్కిన రాతి వయసు వేరు, అక్షరాల వయసు వేరు, ఆ రాయి ఆలయ ప్రాంగణంలో నిలిచిన కాలం వేరు. మూడింటికీ ‘కాలం’ అనే ఒకే మాట వాడినా అవి మూడు వేర్వేరు సంఘటనలు. శిలల కాలనిర్ణయంలోనూ మొదటి ప్రశ్న ‘ఎంత?’ అన్నది కాదు, ‘దేనిది?’ అన్నది.

3. ప్రకాశం క్షారశిలలు – పరిశోధన క్రమం:

ఈ ప్రాంతపు భూనిర్మాణాన్ని క్రమబద్ధంగా వర్ణించిన తొలి రచనలలో విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలాసముదాయాలపై వెలువరించిన గ్రంథం ముఖ్యమైనది. అందులో వరుస ఉంది, అంకెలలో వయసు లేదు. ఏది కింద, ఏది పైన, ఏది దేనిని చీల్చుకొని వచ్చింది అన్న పరిశీలనే ఆనాటి కాలనిర్ణయం.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యులు సి. లీలానందం 1989లో ‘ప్రకాశం క్షారశిలా మండలం’ అనే భావనను ఒక వ్యాసంలో ప్రతిపాదించి చర్చించారు. విడివిడిగా కనిపించే చిన్న శిలాదేహాలను ఒకే కుటుంబంగా చూడవచ్చునన్నది ఆ ప్రతిపాదన సారం. సోడియం, పొటాషియం అధికంగా ఉండి, సిలికా చాలని ఈ శిలలలో నెఫిలీన్ వంటి ఖనిజాలు ఉంటాయి. ఇటువంటి శిలాద్రవం ఖండపటలం సాగి పలుచబడి చీలే చోట్ల ఏర్పడటం అనేక ప్రాంతాలలో కనిపించింది. తూర్పు ఆఫ్రికా చీలిక లోయ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

2003లో బర్క్, ఆష్వాల్, వెబ్ ఈ పరిశీలనకు ఒక కొత్త మలుపు ఇచ్చారు. క్షారశిలలు ఖండం చీలినప్పుడు పుడతాయి. ఆ చీలికలో తెరుచుకున్న సముద్రం తరువాత మూసుకొని ఖండాలు ఢీకొన్నప్పుడు అవే శిలలు నలిగి రూపం మారతాయి. కాబట్టి నలిగిన క్షారశిలలు వరుసగా కనిపించిన చోట పాత ఖండాల అతుకు ఉన్నదని భావించవచ్చునని వారు వాదించారు. 2006లో లీలానందం వారితో కలిసి ఈ సూత్రాన్ని ద్వీపకల్ప భారతానికి అన్వయించారు. తూర్పు కనుమల పడమటి అంచు వెంట ఉన్న క్షారశిలల వరుస ఈ వాదానికి ప్రధాన ఆధారం.

దాదాపు అదే కాలంలో జిర్కాన్ వయసులు కూడా వెలువడ్డాయి. ఎర్రకొండ, ఉప్పలపాడు ప్రాంత శిలలకు సుమారు 135 కోట్ల సంవత్సరాలు, ఏల్చూరుకు సుమారు 132 కోట్ల సంవత్సరాలు, ఒడిశాలోని ఖరియార్ క్షారశిలలకు సుమారు 148 కోట్ల సంవత్సరాలు అని తేలింది. ఈ అంకెలను బట్టి అంచు చీలిక ఒక్క క్షణంలో జరిగినది కాదు, కోట్ల సంవత్సరాల వ్యవధిలో చోటుమారుతూ సాగినది అని చెప్పవచ్చు. ఖరియార్ శిలలు నలిగింది ఎంతో తరువాత, సుమారు 50 కోట్ల సంవత్సరాలనాడు జరిగిన ఖండసంఘట్టనలో అని 2006లో ప్రతిపాదించారు. అంటే ఒకే శిలలో పుట్టుక ఒక కాలానికి, గాయం మరో కాలానికి చెందినవి.

4. ఒకే వయసు – రెండు కథనాలు:

ఇక్కడి నుంచి తర్కం క్లిష్టమవుతుంది. కనిగిరి ప్రాంతంలో గాబ్రో, బసాల్ట్ మొదలైన శిలలు ముక్కలుముక్కలుగా కలిసిపోయి ఉన్న సముదాయం ఉంది. 2011లో వెలువడిన ఒక అధ్యయనం దీనిని ప్రాచీన సముద్రపటలపు శకలాలుగా గుర్తించి, గాబ్రోకు సుమారు 133 కోట్ల సంవత్సరాల వయసును నిర్ణయించింది. ఇటువంటి సముద్రపటల శకలాలను ఒఫియోలైట్ అంటారు. ఒక పలక మరొకదాని కిందికి దిగే చోట ఈ పటలం ఏర్పడిందని ఆ అధ్యయనపు వ్యాఖ్యానం.

ఏల్చూరు, ఉప్పలపాడు శిలల వయసు 132 – 135 కోట్లు. కనిగిరి శిలల వయసు 133 కోట్లు. వయసులు దాదాపు ఒకటే. మొదటిదాని కథనం ప్రకారం ఖండపు అంచు అప్పుడు చీలుతోంది. రెండవదాని కథనం ప్రకారం అదే అంచు సమీపంలో సముద్రపటలం కిందికి దిగుతోంది. ఒకటి తెరుచుకోవడం, మరొకటి మూసుకోవడం మొదలైన స్థితి.

ఈ రెండింటినీ సమన్వయించడం అసాధ్యమేమీ కాదు. పలక దిగుతున్న చోటికి వెనుక భాగంలో ఖండపటలం సాగి చీలడం నేటి భూమిపైనా జరుగుతున్నది. లేదా కనిగిరి శకలాలు దూరప్రాంతంలో ఏర్పడి, తరువాతి సంఘట్టనలో ఈ అంచు మీదికి నెట్టబడి ఉండవచ్చు. అయితే ఈ సమన్వయాలలో ఏ ఒక్కటీ వయసు అనే అంకెలో లేదు. శిలల రసాయన స్వభావం, అవి ఒకదానితో ఒకటి కలిసే సరిహద్దుల పరిశీలన, నలిగిన దిశల కొలతలు, ఇవే తీర్పు చెప్పవలసిన సాక్ష్యాలు. వయసు సంఘటనలను ఒక వరుసలో నిలబెట్టగలదు, వాటి మధ్య కారణ సంబంధాన్ని స్థాపించలేదు. సమకాలీనత సంబంధం కాదు.

రసాయన సాక్ష్యానికీ పరిమితి ఉంది. క్షారశిల కనిపించగానే చీలిక అని, కొన్ని మూలకాల లోపం కనిపించగానే పలక దిగిన చోటు అని తీర్మానించే అలవాటు పరిశోధనలో ఉంది. శిలాద్రవం తాను పుట్టిన చోటి లక్షణాలనే కాక, తన మూలపదార్థం అంతకుముందు పొందిన లక్షణాలను కూడా మోసుకొస్తుంది. నెల్లూరు శిలామేఖల దక్షిణ భాగంలోని కండ్ర శిలాసముదాయాన్ని 2010లో సుమారు 185 కోట్ల సంవత్సరాల నాటి ఒఫియోలైట్‌గా ప్రతిపాదించారు. ఒంగోలు ప్రాంతపు చార్నొకైట్‌లు సుమారు 170 కోట్ల సంవత్సరాల నాటి శిలాద్రవానికి చెందినవనీ, సుమారు 160 కోట్ల సంవత్సరాలనాడు ఇక్కడి శిలలు అత్యధిక ఉష్ణోగ్రతలో రూపాంతరం చెందాయనీ ఇతర అధ్యయనాలు తెలిపాయి. ఇంత చరిత్ర జరిగిన అంచు కింది పొరలలో పాత సముద్రపు రసాయన ముద్ర మిగిలి ఉండటం సహజం. 133 కోట్ల సంవత్సరాలనాటి శిలలో ఆ ముద్ర కనిపిస్తే అది ఆనాటిదా, వారసత్వంగా వచ్చినదా అని అడగకుండా ముందుకు పోవడం పద్ధతి దోషమే అవుతుంది.

5. ఒకే శిల – రెండు వయసులు:

దీనికి వ్యతిరేక దిశలో మరో ఉదాహరణ తూర్పు కనుమల ఉత్తర భాగంలో ఉంది. ఒడిశాలోని చిలికా సరస్సు సమీపంలోని అనార్థొసైట్ శిలాదేహానికి 2001లో 79.2 కోట్ల సంవత్సరాల వయసు ప్రకటించారు. దోష పరిమితి 20 లక్షల సంవత్సరాలు. 2008లో మరొక బృందం అదే శిలాదేహం 98.3 కోట్ల సంవత్సరాలనాడు ఘనీభవించిందని పేర్కొన్నది. దోష పరిమితి 25 లక్షల సంవత్సరాలు.

రెండు కొలతలూ తమతమ పరిధిలో సూక్ష్మమైనవే. వాటి మధ్య దూరం మాత్రం 19 కోట్ల సంవత్సరాలకు పైబడింది. ప్రకటించిన దోష పరిమితి పరికరపు కొలతకు చెందినది. కొలిచిన స్ఫటికం ఏ సంఘటనకు సాక్షి అన్న నిర్ణయంలోని సందిగ్ధత ఆ అంకెలో చేరదు. ఈ తేడా చిన్నది కాదు. తూర్పు కనుమల ఉత్తర ప్రాంతం 100 – 90 కోట్ల సంవత్సరాల మధ్య తీవ్రమైన రూపాంతరానికి లోనైంది. ఆ కాలపు చరిత్ర తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతపు చరిత్రతో కలుస్తుంది. వయసు 98.3 కోట్లయితే చిలికా శిల ఆ ఖండసంధానపు కథలో భాగం. 79.2 కోట్లయితే ఆ కథ ముగిసిన చాలాకాలానికి జరిగిన మరో సంఘటన.

కనుమల దక్షిణ భాగమైన ఒంగోలు ప్రాంతంలో 100 కోట్ల సంవత్సరాలనాటి ఆ రూపాంతరపు ముద్ర బలంగా లేదు. 1999 తరువాతి అధ్యయనాలు ఈ విషయాన్ని స్పష్టపరిచాయి. దీనిని గుర్తించి 2003లో డాబ్‌మేయర్, రైత్ తూర్పు కనుమలను భిన్న చరిత్రలు గల మండలాలుగా విభజించారు. పటంలో ఒకే గొలుసుగా కనిపించే కొండలు ఒకే చరిత్ర కలవి కావని తేల్చడం కాలనిర్ణయ శాస్త్రం సాధించిన నిస్సందేహమైన విజయం. వయసులు కలపడంలో కంటే వేరుచేయడంలో ఎక్కువ నమ్మదగినవని దీనినిబట్టి గ్రహించవచ్చు. రెండు శిలల వయసులు ఒకటైనప్పుడు వాటి చరిత్ర ఒకటి కావచ్చు, కాకపోవచ్చు. ఒకే ప్రాంతమనుకున్న రెండు చోట్ల రూపాంతర కాలాలు పదేపదే వేర్వేరుగా వస్తే వాటికి ఒకే చరిత్రను ఆపాదించడం కుదరదు.

6. కవికాల నిర్ణయంతో పోలిక:

తెలుగు సాహిత్యచరిత్ర ఇటువంటి చిక్కును ఎరుగును. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని ప్రకటించి, ఆ కవి నన్నయకు పూర్వుడని వాదించాడు. తరువాతి పండితులలో పలువురు ఆయన 12వ శతాబ్దివాడని నిర్ణయించారు. వ్యాకరణ ప్రయోగాలు, ఛందస్సు, చోడరాజుల వంశక్రమం, శైవధోరణి మొదలైన ఆధారాలను ఇరుపక్షాలూ పరిశీలించాయి. ప్రాచీన ప్రయోగం కనిపిస్తే కవి ప్రాచీనుడని ఒకరు, పాత ప్రయోగాన్ని తరువాతి కవి కూడా నిలుపుకోవచ్చునని మరొకరు వాదించగలిగారు. శిలాద్రవం మోసుకొచ్చిన పాత జిర్కాన్‌కూ, కావ్యం నిలుపుకొన్న పాత ప్రయోగానికీ తర్కం ఒక్కటే. కృతిలో ఉన్న ప్రతి ప్రాచీనాంశమూ కృతి ప్రాచీనతకు సాక్ష్యం కాదు.

రేణువు అంచున పెరిగిన కొత్త పొరకు ప్రక్షిప్త పద్యం సాటి. అంచు వయసును మధ్యభాగానికి అంటగట్టడం, ప్రక్షిప్తాన్ని పట్టుకొని మూలకర్త కాలాన్ని తేల్చడం ఒకే రకమైన పొరపాట్లు. పాఠపరిష్కర్త ముందు పొరలను వేరుచేస్తాడు, తరువాతనే కాలం మాట ఎత్తుతాడు.

అయితే ఈ పోలికకు హద్దు ఉంది. యురేనియం క్షయవేగం వ్యాఖ్యాత ఇష్టాన్ని బట్టి మారదు. భాషలో మార్పు వేగానికి అటువంటి స్థిరత్వం లేదు. కాబట్టి వయోనిర్ణయంలోని వివాదాలను చూపి ‘అంతా వ్యాఖ్యానమే’ అని తేల్చడం సరికాదు. చిలికా విషయంలో పరీక్షకు నిలిచే మార్గం ఉంది. ఏ స్ఫటికం, ఏ భాగం, ఏ ఖనిజాలతో కలిసి పెరిగింది అని మళ్లీ చూడవచ్చు. నన్నెచోడుని విషయంలో మూలప్రతి లేకపోవడం వల్ల ఆ అవకాశం పరిమితం. శాస్త్రానికి ఉన్న బలం దాని అంకెలలో కంటే, తిరిగి వెళ్లి చూడగలగడంలో ఉంది.

7. పేర్లు, పారిభాషికాలు, క్షేత్రం:

ఈ శిలల పేర్లలోనూ ఒక చరిత్ర ఉంది. కలకత్తాలోని జాబ్ చార్నాక్ సమాధిరాతిని బట్టి హాలండ్ చార్నొకైట్ అనే పేరు పెట్టాడు. ఖోండు గిరిజనుల పేరుమీద 1902లో వాకర్ ఖోండలైట్ అన్నాడు. ఒకదానికి కంపెనీ అధికారి పేరు, మరొకదానికి ఆ కొండలలో నివసించే జనుల పేరు వచ్చాయి. ఆ జనులకు తమ పేరు ప్రపంచ శిలాశాస్త్రంలో ఉన్నదని చెప్పే పాఠం వారి భాషలోనే కాదు, తెలుగులో కూడా సులభంగా దొరకదు.

పారిభాషికాల విషయంలోనూ అస్పష్టత కొనసాగుతున్నది. పాఠ్యపుస్తకాలలో అగ్నిశిల, ఆగ్నేయ శిల అనే రెండు రూపాలూ వ్యవహారంలో ఉన్నాయి. ఘనీభవన కాలం, రూపాంతర కాలం, వారసత్వ స్ఫటిక కాలం అన్న మూడింటికీ ‘శిల వయసు’ అనే ఒకే మాట వాడితే పాఠకుడు పొరబడక తప్పదు. ఈ మూడు పదబంధాలను విడిగా స్థిరపరచడం అనువాదకుని సౌకర్యం కోసమే కాదు, ఆలోచనలో స్పష్టత కోసం కూడా అవసరం.

క్షేత్రం సంగతి మరింత ముఖ్యమైనది. రెండు శిలలు కలిసే సరిహద్దు గని తవ్వకంలో మొదట బయటపడుతుంది, తవ్వకం సాగితే మాయమవుతుంది. పరిశోధకునికి ఆ గోడ తెరిచిన పుస్తకం, కానీ ఆ పుటలు లారీలలో తరలిపోయేవి. నమూనా ప్రయోగశాలలో ఉంటే వయసు మళ్లీ కొలవవచ్చు. ఏది దేనిని చీల్చుకొని వచ్చిందన్న సాక్ష్యం పోతే, కింగ్ 1872లో ఆధారపడిన మొదటి కాలనిర్ణయమే అసాధ్యమవుతుంది. పై చర్చలో తేలినట్లు, రెండు కథనాల మధ్య తీర్పు చెప్పవలసినది చాలాసార్లు ఆ సరిహద్దే.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. శిల వయసు అనేది ఒక ఖనిజంలో జరిగిన ఒక సంఘటన కాలం. దానిని శిల కాలంగా, శిల కాలాన్ని ప్రాంత చరిత్రగా మార్చే ప్రతి మెట్టుకూ వేరుగా ఆధారం చూపాలి.

2. ప్రకాశం క్షారశిలలు, కనిగిరి గాబ్రో విషయంలో దాదాపు ఒకే వయసు చీలికకూ, పలక దిగుదలకూ సాక్ష్యమైంది. వయసు ఒక్కటే భూచలన స్వభావాన్ని నిర్ణయించదు.

3. చిలికా అనార్థొసైట్ విషయంలో కొలత సూక్ష్మత, నిర్ధారణ సత్యత రెండూ ఒకటి కావని స్పష్టమైంది.

4. తూర్పు కనుమలను భిన్న చరిత్రలు గల మండలాలుగా వేరుచేయడంలో వయోనిర్ణయం దృఢమైన ఫలితాన్ని ఇచ్చింది.

5. కవికాల నిర్ణయంలో పూర్వపండితులు పాటించిన పొరల విచక్షణ ఇక్కడా వర్తిస్తుంది. పునఃపరిశీలనకు వీలున్న సాక్ష్యం ఉండటం శిలాశాస్త్రానికి అదనపు బలం.

6. ఘనీభవన, రూపాంతర, వారసత్వ కాలాలకు వేర్వేరు తెలుగు పదాలు స్థిరపడాలి. గనులలో బయటపడే శిలాసరిహద్దులను తవ్వకానికి ముందే నమోదు చేయాలి.

చీమకుర్తి రాయి దేశదేశాల భవనాలలో నేలగా, గోడగా మారుతున్నది. అది ఏ ఖండపు అంచున, ఏ చీలికలో, ఏ వేడిలో పుట్టిందో చెప్పగల సాక్ష్యం ఇంకా ఆ గనుల గోడలలో కొంత మిగిలి ఉంది. దానిని చదవడం శిలాశాస్త్రవేత్త పని. ఆ చదువు ఎంతవరకు పాఠానికి కట్టుబడి ఉన్నదో పరిశీలించి తెలుగులో చెప్పడం విమర్శకుని పని.